అవ్వ చెవులుండంగనే

చెల్లెలు వనజ తన నోటికాడి బువ్వ గుంజుకున్నదని బాలయ్య కోపం. ఉప్పునుంతలలో ఏ చాయ హోటల్ బల్ల మీద కూర్చున్నా, పక్కన తెలిసినవాడున్నా తెలియనివాడున్నా, రెండు గుటకలు లోపలికి దిగేసరికి ఆ ముచ్చటే తీసేవాడు.

"పద్నాలుగేండ్లు నా ఎనక నిలవడి వంత పాడింది. మైకు ఎట్ల పట్టాల్నో గుడ నేనే నేర్పిన. ఇయ్యాల నా బృందమే లేకుంట చేసి ఒక్కతే తిరుగుతున్నది. పాట పోతే పోయె, మా అవ్వ పేరు మీది భూమికి గుడ ఎసరు పెట్టింది."

వినేవాళ్ళు తలకాయలు ఊపేవాళ్ళు. కొందరు మాత్రం చాయ గ్లాసులోకి చూస్తూ ఊరుకునేవాళ్ళు. అట్లా ఊరుకునేవాళ్ళను చూస్తే బాలయ్యకు ఇంకా మండేది.

బాలయ్యది దినాల పాట. ఆ చుట్టుపట్ల ఇంట్లో పెద్దవాళ్ళు పోతే దినాల నాడు పాట పెట్టిస్తారు. పోయిన మనిషి ఫొటోతో ఫ్లెక్సీ కట్టి, దాని ముందర డోలకు, డప్పు, కీబోర్డు పెట్టుకొని, ఆ మనిషి పేరు పెట్టి పాడాలి. ఎట్లా బతికాడు, ఎవరిని సాకాడు, దేనికి నవ్వేవాడు, అన్నీ పాటలో రావాలి. విన్నవాళ్ళు కడుపునిండా ఏడ్చి తేలికపడాలి. ఏడో తరగతిలో బడి మానేసి, ఎద్దుల వెనక నడిచిన బాలయ్య ఆ పాటతోనే నలుగురిలో మనిషైనాడు. "బాలయ్య కళాబృందం" అని స్పీకరు పెట్టెల మీద ఎర్ర రంగుతో రాయించుకున్నాడు.

అయితే ఆయన దగ్గర ఉన్నవి రెండే పాటలు. మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. ఇల్లు మారితే పేరు మార్చేవాడు, అంతే. దరువులో పేరుకు మూడక్షరాల జాగా ఉండేది. లింగయ్య, ఎల్లమ్మ, మల్లయ్య అయితే సరిగ్గా కూర్చునేవి. పొడుగు పేరైతే ముందో వెనకో కోసి ఒదిగించేవాడు. చచ్చినవాళ్ళు లేచి వచ్చి అడుగుతారా అని నవ్వేవాడు.

గద్వాలలో ఒక మగ్గం ఇంట్లో ఆ నవ్వు బెడిసికొట్టింది. అక్కడ పోయినాయన జీవితమంతా చీరలు నేసిన మనిషి. బాలయ్య ఎప్పటిలాగే కళ్ళు మూసుకొని "దుక్కి దున్నిన చేతులాయె" అని అందుకున్నాడు. రెండో చరణం కాకముందే పెద్దకూతురు లేచి, "మా నాయిన ఎన్నడు నాగలి పట్టలేదన్నా" అన్నది. జనంలో గుసగుస మొదలైంది. అప్పుడు వెనక నుంచి వనజ, ఎవరూ చెప్పకుండానే, నాలుగు ముక్కలు ఎత్తుకున్నది. పొద్దున ఆడవాళ్ళ దగ్గర కూర్చొని చాయ తాగేటప్పుడు విన్నవే అవి. మగ్గం మీద పక్కన కూర్చొని అంచు అందించిన భార్య పోయినంక, ఆయన ఆ జాగాలో మరొకరిని కూర్చోనియ్యలేదట. ఆ ఒక్క మాటకు ఇల్లంతా గొల్లుమన్నది.

తరువాతి నెలలో వనపర్తి నుంచి ఫోను వచ్చింది. "బృందం వద్దన్నా, ఆ వంత పాడే అక్కను ఒక్కదాన్నే పంపుతవా?" బాలయ్య ఫోను పెట్టేసి ఇంట్లో అగ్గి పెట్టినంత పని చేశాడు. ఏండ్ల కిందటే పెనిమిటి పోయి పుట్టింటికి తిరిగొచ్చిన వనజ, అన్న మాటలు పడలేక నాగర్‌కర్నూల్‌లో అద్దె గది తీసుకొని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఒక చక్రాల స్పీకరు పెట్టె, ఫోనులో డోలకు చప్పుడు, వంత పెట్టుకొని, బల్మూర్ దాకా, గద్వాల దాకా ఒక్కతే బస్సులెక్కి పోయి పాడుతున్నది. తల్లి తన పేరున ఉన్న బోరు చెలక, ఇరవై మూడు గుంటల భూమి, ఆమెకు రాసిస్తానంటే, బాలయ్య తహసీల్దారు ఆఫీసుకు పోయి అభ్యంతరం పెట్టి ఆపించాడు. అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు.

ఒక పొద్దున బాలయ్య భార్య జోగులమ్మ వాకిట్లో జొన్నరొట్టెలు చేస్తున్నది. తల్లి రామేశ్వరమ్మ గడప పక్కన కూర్చొని చాటలో పల్లికాయ చెరుగుతున్నది. బాలయ్య పళ్ళు తోముకుంటున్నాడు.

"అత్తా, చాయ సల్లగైతున్నది!" జోగులమ్మ మూడోసారి అరిచింది.

"ఇనబడ్డది లేవే. చెముడిదాన్ననుకున్నవా?"

"మరి మొదటిపారి పిలిస్తే పలకొద్దా?"

"మొదటిపారి ఇనబళ్ళే."

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ముసలామె నవ్వలేదు. చాట కింద పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"బాలయ్యా, దవాఖాన్ల డాక్టరు ఏమన్నడు? ఎడమ చెవు పోయింది, కుడిది గుడ ఎక్కువ దినాలు రాదన్నడు గద. నా దినాల పాట ఇప్పుడే పాడియ్యిరా."

బాలయ్య నోట్లో నురగ ఉమ్మేశాడు. "బతికున్న మనిషికి దినాల పాట ఏందవ్వా?"

"సచ్చినంక ఊరంత ఇంటది. నేనొక్కదాన్నే ఇనను. గదేం నాయం?"

"తూ తూ! పొద్దుగాల పొద్దుగాల గవేం మాటలత్తా!" అన్నది జోగులమ్మ.

"నువ్వు రొట్టె మాడ్పకు. ఒరేయ్, వనజను గుడ రమ్మను. నా బిడ్డ గొంతు గుడ ఇనాలె."

బాలయ్య మొహం మాడింది. "బృందం పెట్టిన కొడుకు ఇంట్ల ఉండంగ, దాన్ని పిలిపిస్తె ఊళ్ళె నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"ఇప్పుడు ఏడ పెట్టుకున్నవో గాడనే పెట్టుకో. ఇద్దరు పాడుండ్రి. పాడినంక ఆఫీసుల నువ్వు పెట్టిన అడ్డం తీసెయ్యి. నా చెవులుండంగనే, నా కండ్లుండంగనే అది గుడ అయిపోవాలె."

 బాలయ్య మనసులో ఒక లెక్క తిరిగింది. వాడకట్టంతా కూడుతుంది. అందరి ముందర తను పాడితే ఎవరు గురువో, ఎవరు వంతో తేలిపోతుంది. అప్పుడు తల్లి మనసు కూడా మారుతుంది.

"సరే. పాడినంక నీ నోటితోనే చెప్పాలె మరి, చెలక ఎవలికని."

"చెప్త తియ్యి" అని ముసలామె చాట అందుకున్నది.

జోగులమ్మ ఫోను చేస్తే వనజ మధ్యాహ్నం బస్సుకు దిగింది. చక్రాల పెట్టె గుంజుకుంటూ వాకిట్లోకి వచ్చి, "బాగున్నవా అన్నా?" అన్నది.

"నీ బృందం గా ఒక్క పెట్టెనేనా?" బాలయ్య ఆమె మొహం చూడలేదు. "నా ఒక్కని కడుపే గాదు, డోలకు వాయించే మల్లేశ్‌గాని కడుపు గుడ కొట్టినవు."

"మల్లేశన్నను రమ్మన్న. బాలన్నను ఇడిచి రాను, ఉపాసముంట అన్నడు."

అరుగు మీద డోలకు తాళ్ళు బిగిస్తున్న మల్లేశ్ తల వంచుకున్నాడు. ఈ సంగతి బాలయ్యకు ఇంతవరకూ తెలియదు. 

వనజ ఏ ఇంటికి పోయినా ముందు చేసే పని ఒకటున్నది. ఇంట్లోవాళ్ళందరినీ ఒక్కొక్కరిని అడుగుతుంది. ఇక్కడా అదే పెట్టుకున్నది. పక్కింటి ఆడవాళ్ళను అడిగింది, వదినెను అడిగింది. "మా అత్త కూరల ఉప్పు రెండుపార్లేసి, నేనే ఏసిన అని ఊరంత చెప్తది, రాయి" అన్నది జోగులమ్మ. చివరికి అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నా, అవ్వ గురించి నీకు యాదికున్న ముచ్చట ఒకటి చెప్పు. కొడుకు మాట లేకుంటె పాట నిండది."

"ఏం చెప్పాలె? ఉన్న ఇరవై మూడు గుంటలు బిడ్డకు దోచిపెట్టిందని చెప్పు!"

 వనజ కొంగుతో కళ్ళు తుడుచుకొని లేచి పోయింది. బాలయ్యకు అప్పుడు గెలిచినట్టే అనిపించింది.

పొద్దు వాలినంక జనం కూడారు. ఫ్లెక్సీ కట్టాల్సిన చోట ప్లాస్టిక్ కుర్చీ వేసి రామేశ్వరమ్మను కూర్చోబెట్టారు. కొత్త చీర కట్టుకొని, కుడి చెవు జనం వైపు తిప్పుకొని కూర్చున్నది.

"రామేశమ్మా, నీ దినాలకు బువ్వ గుడ పెడ్తున్నరా?" పక్కింటాయన పరాచికమాడాడు.

"తిని పోరా. నిజంగ సచ్చినప్పుడు మళ్ళ రావాలె, సాకులు చెప్పొద్దు."

అందరూ నవ్వారు. బాలయ్య మెడలో ఎర్ర తువ్వాలు వేసుకొని మైకు పట్టుకున్నాడు. మల్లేశ్ దరువు అందించాడు. ఎన్ని దినాలైందో ఇంత జనం ముందర నిలబడి. బాలయ్య ఛాతీ ఉబ్బింది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు.

"దీపమోలె ఎలిగినావు, నీడనిచ్చి సాకినావు..."

గొంతు బాగానే పలికింది. మొదటి చరణం దాటింది. పేరు వచ్చే చోట దరువు మూడు దెబ్బలకు జాగా ఇచ్చింది. బాలయ్య నాలుక తనకు అలవాటైన తోవలో తాను పోయింది.

"ఏ తోవ బోతివమ్మా, ఓ అంజమ్మా, మా అంజమ్మా..."

డోలకు టక్కున ఆగిపోయింది. బాలయ్య ఇంకో ముక్క కూడా పాడి, తన గొంతు ఒక్కటే వినిపించేసరికి కళ్ళు తెరిచాడు. జోగులమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకొని ఉన్నది. వెనక ఎవరో ఫక్కుమని నవ్వబోయి ఆపుకున్నారు. పిలిస్తే మూడోసారికి గానీ పలకని ముసలామెకు ఆ మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

"అంజమ్మ ఎవలురా?" అన్నది.

 మల్లేశ్ నేల చూస్తూ చెప్పాడు. "తిమ్మాజిపేటల మొన్న పోయినామె పెద్దమ్మా. కిందటి పాట ఆమెదే."

"అయ్యో. మంచిదేనారా ఆమె?"

ముసలామె ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. కొడుకు పాడి సాగనంపిన మనిషి కదా, తెలిసి ఉంటుందని అడిగింది. బాలయ్యకు తెలియదు. తిమ్మాజిపేటలో రెండు గంటలు నిలబడి పాడాడు. అంజమ్మ నల్లగా ఉండేదో ఎర్రగా ఉండేదో కూడా తెలియదు. ఫ్లెక్సీకి వీపు పెట్టి పాడాడు. అంజమ్మ పిల్లలు తన ముందర నిలబడి ఏడ్చారా, ఊరుకున్నారా, అదీ చూడలేదు, కళ్ళు మూసుకొని ఉన్నాడు. అన్ని ఊళ్ళు, అన్ని ఇళ్ళు, అన్ని ఫొటోలు ఒక్కసారిగా మీదికి వచ్చి "మా గురించి చెప్పు" అని అడిగినట్టయింది.

మైకు కుర్చీ కాళ్ళ దగ్గర పెట్టి, జనాన్ని తప్పించుకొని ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గరికి పోయాడు. వాకిట్లో ఎవరో దగ్గారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనిపించింది. తువ్వాలుతో మొహం కప్పుకొని తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

కొంచెం సేపటికి అడుగుల చప్పుడైంది. తువ్వాలు తీయకుండానే ఎవరో తెలిసింది.

"నవ్వుకోవే, నవ్వుకో. నీకు నవ్వే హక్కున్నది" అన్నాడు.

వనజ పక్కన కూర్చున్నది. "నవ్వనీకి రాలేదన్నా."

"నా పాట ఎత్తుకపోయినవని చాయ హోటలు హోటలుకు చెప్పుకుంట తిరిగిన. ఎత్తుకపోనీకి నా దగ్గర పాట ఏడున్నది? గద్వాలల ఆ పిల్ల లేచి నిలవడ్డప్పుడే తెలిసింది నాకు. తెలిసి గుడ నీ మీద ఏసిన. నీ మీద ఏస్తే నా తప్పు నాకు కనవడకపోయేది."

 వనజ మెల్లగా అన్నది. "ఆయన పోయి నేను ఇంటికొచ్చినప్పుడు, ఎవలన్న మైకు ఇచ్చిండ్రా నాకు? ముండమోసింది నలుగురిల పాడుతదా అని ఊరంత అన్నది. నువ్వు ఎవలి మాట ఇనలేదు. నిలవడు నా ఎనక, జూస్త ఎవలేమంటరో అన్నవు. గది మర్చిపోయినవా?"

బాలయ్య మరిచిపోయాడు. తను చేసిన మంచి కూడా యాదికి లేనంతగా పగ పెంచుకున్నాడు. తువ్వాలు తడిసింది.

"ఇంత మందిల ఎట్ల పొయ్యి నిలవడాలె చెల్లే?"

"నా ఎనక నిలవడు. నేను ఒక్కదాన్నే పాడ్తనని పేరే గాని, వంత ఫోన్లకెల్లి వస్తది. నేను ఆగితె అది ఆగది. నాకు ఏడుపొచ్చి గొంతు పట్టుకుంటె అది ముందలికే పోతది. మనిషి వంత ఇని ఎన్ని దినాలైందో అన్నా. రా."

బాలయ్య లేచాడు. ఆ పది అడుగులు నడవడం ఆయనకు ఉరికంబం దాకా నడిచినట్టే ఉన్నది. జనం తోవ ఇచ్చారు, ఎవరూ మొహంలోకి చూడలేదు. వనజ పెట్టె తెరవలేదు, కుర్చీ కాళ్ళ దగ్గరి మైకు అందుకున్నది. మల్లేశ్‌ను చూసి తల ఊపింది. బాలయ్య పోయి ఆమె వెనక, ఎడమ పక్కన నిలబడ్డాడు. పద్నాలుగేండ్లు ఆమె నిలబడ్డ జాగా అది. అక్కడి నుంచి ముందున్న మనిషి మెడ, చెమట, వీపు తప్ప మరేం కనబడదు. చప్పట్లు కొట్టేవాళ్ళ మొహాలు కనబడవు. ఇన్నేండ్లు తన వీపును చూస్తూ పాడిందా అనుకున్నాడు.

వనజ కళ్ళు మూసుకోలేదు. తల్లి మొహంలోకి చూస్తూ ఎత్తుకున్నది.

"ఉప్పు రెండుపార్లేసినా, ఉడుకుబువ్వ పెట్టినావు,
తిట్టినోళ్ళ పిల్లలకు తినబెట్టి పంపినావు..."

జోగులమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నది. పక్కింటివాళ్ళు "అవునవును" అన్నారు. ముసలామె అరచెయ్యి కుడి చెవు వెనక పెట్టుకొని ముందుకు వంగింది.

"చాట మీద దరువేసి చంటివాణ్ణి ఊపినావు,
ఆ దరువే ఊరు తిరిగి అన్నం పెట్టె కొడుకునకు..."

బాలయ్య వంత అందుకోబోయి ఆగిపోయాడు. చాట. నిద్రపోని పిలగాణ్ణి ఒళ్ళో వేసుకొని, బోర్లించిన చాట మీద వేళ్ళతో తల్లి వేసిన దరువు. అదే దరువు కదా ఇన్నేండ్లు తను డోలకు మీద వేయించింది! తన సొంతమని పేరు రాయించుకున్నది! పొద్దున గడప పక్కన అదే చాట ముసలామె ఒళ్ళో ఉన్నది. వనజ ఎవరిని అడిగి తెలుసుకున్నదో మరి. తల్లినే అడిగి ఉంటుంది. తను ఎన్నడూ అడగలేదు.

గొంతు సరిచేసుకొని వంత పలికాడు.  అన్న వంత ముగించేదాకా ఆగి, వనజ మళ్ళీ ఎత్తుకున్నది.

దినాల పాటలో చివరికి ఒక జాగా ఉంటుంది. పోయినవాళ్ళు పిల్లలకు ఏమిచ్చి పోయారో చెప్పే జాగా. వనజ అక్కడికి వచ్చింది.

"ఏమి ఇస్తివమ్మా కొడుకుకు? ఏమి ఇస్తివి బిడ్డకు?"

అని, మైకు వెనక్కి, అన్న వైపు చాచింది. మల్లేశ్ దరువు మెల్లగా నడిపిస్తూ ఉన్నాడు.  మధ్యాహ్నం బాలయ్య అన్న మాట అందరూ విన్నారు. మళ్ళీ ఏమంటాడో అని జోగులమ్మ భయంగా చూసింది.

బాలయ్య మైకు అందుకొని ముందుకు వచ్చి తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె కుడి చెవు దగ్గరికి మొహం పెట్టాడు. ఈసారి కళ్ళు తెరిచే పాడాడు.

"కొడుకుకు దరువు ఇస్తివమ్మా, రామేశ్వరమ్మా, మా అవ్వా..."

పేరు దరువు దాటిపోయింది. కోయలేదు. మల్లేశ్ రెండు దెబ్బలు ఎక్కువ వేసి పేరుకు జాగా చేశాడు.

"బిడ్డకు భూమి ఇస్తివమ్మా..." అని ఆగాడు.  చాయ హోటళ్ళలో ఎన్నిసార్లో తిట్టినట్టుగా అన్న ఆ లెక్క ఇప్పుడు పాటలో పెట్టాలి. పాటలో పెడితే ఊరంతా సాక్షి. రేపు కాదనడానికి లేదు.

"బోరు నీళ్ళతోటి... ఇరవై మూడు గుంటలు..."

దరువుకు అది అస్సలు కుదరలేదు. అయినా ఎవరూ నవ్వలేదు. వనజ మైకు లేకుండానే వంత అందుకున్నది, అందుకొని మధ్యలోనే ఏడ్చింది. గొంతు ఆగిన చోట డోలకు కూడా ఆగింది. రామేశ్వరమ్మ కొడుకు తలమీద చెయ్యి పెట్టి, వేళ్ళతో మెల్లగా దరువు వేసింది.

"ఇనబడ్డదిరా" అన్నది. "మొదటిపారే ఇనబడ్డది."

తెల్లారి బాలయ్య ఆఫీసుకు పోయి తను పెట్టిన అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. పెట్టెల మీది పేరు కూడా తనే చెరిపాడు, రంగు పూర్తిగా పోలేదు. ఇప్పుడు వనజ పాడే చోటికి ఇద్దరూ కలిసి పోతున్నారు. పాటకు ముందు ఇంటింటి ఆడవాళ్ళ దగ్గర కూర్చొని, పోయినవాళ్ళ ముచ్చట్లు అడిగే పని బాలయ్యదే. అడగడం చేతకాక మొదట్లో నోరు తడారిపోయేది. తిమ్మాజిపేట తోవన పోయినప్పుడల్లా అంజమ్మ ఇంటి ముందర తల ఎత్తలేడు.

చాయ హోటల్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు గెలుకుతారు. "ఏం బాలన్నా, చివరికి చెల్లె గెల్చింది గద, ఎంత పోయిందే మొత్తం?" అంటారు. బాలయ్య గ్లాసు కింద పెట్టి, దాచుకోకుండా చెప్తాడు. ఉప్పునుంతల శివారులో బోరు, మోటారు, గట్టు మీది రెండు యాపచెట్లతో సహా, ఇరవై మూడు గుంటలు.